నవనగర్ స్టేషన్‌లో బస్సెక్కడం

కర్ణాటకలో హుబ్లీ, ధార్వాడ్ మధ్య బీఆర్‌టీ (బస్సులకే విడిగా కేటాయించిన లేన్ల) దారి 22 కిలోమీటర్లు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది దారి మధ్యలో తగిలే నవనగర్ బీఆర్‌టీ స్టేషన్. 2018 నుంచి ఈ దారిలో ‘చిగరి’ అనే పేరుతో బీఆర్‌టీ బస్సులు తిరుగుతున్నాయి.

స్టాపు కోసం ఫుట్‌పాత్ మీద వెతక్కండి, స్టేషన్ రోడ్డు నడిమధ్యన ఉంటుంది. కండక్టర్ ఉండడు. కౌంటర్‌లో టికెట్ తీసుకుని, దాని మీది క్యూఆర్ కోడ్‌ను గేటుకి చూపిస్తేనే లోపలికి దారి. దిగేచోట గేటు మళ్ళీ అడుగుతుంది కాబట్టి టికెట్‌ని నలపకండి, మడత కోడ్ మీద పడితే యంత్రం చదవదు. అన్నిచోట్లా ఆగేవి 200 సిరీస్ నంబరు బస్సులు; 100 సిరీస్‌వి ఎక్స్‌ప్రెస్‌లు, కొన్నిచోట్లే ఆగుతాయి. చిన్న స్టేషన్లో దిగాలంటే నంబరు చూసుకుని ఎక్కాలి.

అసలు చూడాల్సింది బస్సు వచ్చి ఆగే తీరు. మన బస్సుల్లా ఎడమవైపు నుంచి కాదు, కుడివైపు తలుపు తెరుచుకుంటుంది. బస్సు నేల, ప్లాట్‌ఫారం ఒకే ఎత్తులో ఉంటాయి. ముసలావిడైనా, సంచులు మోసేవాళ్ళయినా గదిలోంచి గదిలోకి నడిచినట్టు ఎక్కేస్తారు. ఇలాంటి ప్లాట్‌ఫారాలు సాధారణంగా 900 మిల్లీమీటర్ల ఎత్తు కడతారు. చక్రాల కుర్చీ ఎక్కాలంటే 12కి 1 వాలు (మీటరు ఎత్తుకి 12 మీటర్ల పొడవు) ఉండాలి, అంటే ర్యాంపుకే 11 మీటర్లు కావాలి. చోటు చాలక దాన్ని కురచ చేస్తే పెట్టె లాగేవాళ్ళకి చేతులు పడిపోతాయి.

ఏ బీఆర్‌టీలోనైనా పని చెడేది బస్సుకీ గట్టుకీ మధ్య సందులోనే. బాడీ గీసుకుంటుందని భయపడి డ్రైవర్ జానెడు ఎడంగా ఆపితే, ప్రతివాళ్ళూ కిందికి చూసి, ఆగి, అడుగేస్తారు. తలా రెండు సెకన్లు ఆలస్యమైనా ముప్పైమందికి నిమిషం పోయినట్టే. వెనక బస్సు ఆ నిమిషం కాచుకోకుండా ఉండాలనే ఇక్కడ స్టేషన్ల దగ్గర పక్కన ఇంకో లేన్ వేశారు. ఆగిన 200ని దాటుకుంటూ ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోతుంది. ఆ లేన్‌కి తగ్గ వెడల్పు దొరకడమే ఊళ్ళలో కష్టం.

విశాఖలో పెందుర్తి బీఆర్‌టీఎస్ రోడ్డుకీ బస్సుల కోసం మధ్య లేన్లు వేశారు. అక్కడ తిరిగేవి మామూలు సిటీ బస్సులే: మెట్లెక్కాలి, "దిగేవాళ్ళని దిగనివ్వండమ్మా" అనాలి, లోపలికెళ్ళాక చిల్లర వెతకాలి.