ఎవరండీ, మీ తాతగారా?

ఆదివారం. పొద్దున్నుంచీ ఒకటే ముసురు. బయటికెళ్ళే పనేం లేదు కదా అని హాల్లో గోడ మీదున్న ఫ్రేములన్నీ దించి, వెనకాల ఎలా ఉన్నాయో చూద్దామని కూర్చున్నా. వైజాగ్‌లో సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్ళకి తెలిసిందే, ఈ నెలల్లో డబ్బాలో అప్పడాలే కాదు, అద్దం వెనకాల కాగితం కూడా మెత్తబడిపోతుంది.

మా ఆవిడ కాఫీ పెట్టి, "ముక్కూమొహం తెలీనివాళ్ళంతా గోడెక్కారు, మన పెళ్ళి ఫోటో మాత్రం బీరువాలో ఉంది" అంది. నిజమే, ఏం చెప్తాం. సంగీతం వాళ్ళ ఫోటోలు పోగెయ్యడం నా పిచ్చి. మనిళ్ళల్లో నలుపు తెలుపు ఫోటోకి ఫ్రేమ్ కట్టి పెట్టామంటే ఆ మనిషి పోయాడనే లెక్క, అందుకే వచ్చినవాళ్ళు ముందు "ఎవరండీ, మీ తాతగారా?" అంటారు, మా అమ్మయితే బొట్టు పెట్టలేదేంట్రా అని కూడా అడిగింది. అందరికంటే మంచి ప్రశ్న మాత్రం ఫ్యాన్ బాగుచెయ్యడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ది: "ఈయన అటు తిరిగి కూర్చున్నాడేంటండీ?"

అది పాబ్లో కసాల్స్ ఫోటో, సెల్లో అని పెద్ద వయొలిన్‌లాంటి వాద్యం వాయించే విద్వాంసుడు. 1954లో ఫ్రాన్స్‌లో ప్రాడ్ దగ్గర పాత మఠంలో యూసఫ్ కార్ష్ అనే ఫోటోగ్రాఫర్ తీసింది. ఒట్టి రాతిగోడ, ఎక్కడో పైన చిన్న కిటికీ, కింద సెల్లో వాయిస్తున్న ముసలాయన వీపు, బట్టతల, అంతే. మొహాలు తియ్యడంలో పేరుపడ్డ కార్ష్ ఈయన్ని మాత్రం వెనకనుంచి తీశాడు. బోస్టన్ మ్యూజియంలో ఇది పెట్టినప్పుడు ఒక పెద్దాయన రోజూ వచ్చి దీని ముందు చాలాసేపు నిలబడేవాడట, ఎందుకండీ అని అడిగితే ఉండవయ్యా, సంగీతం వింటున్నా కనపట్లేదా అని కసిరాడట. కార్ష్ చెప్పుకున్న కథే ఇది. నా దగ్గరున్నది అసలు ప్రింట్ కాదులెండి, పోస్టర్. అసలుది కొనే స్తోమత ఉంటే ఈ ముసురులో వైజాగ్‌లో ఎందుకుంటాను!

పక్కన జాజ్ వాయించే డెక్స్‌టర్ గోర్డన్. 1948, న్యూయార్క్ రాయల్ రూస్ట్ క్లబ్. నెత్తిన టోపీ, చేతిలో శాక్సొఫోన్, సిగరెట్ పొగ మేఘంలా పైకి లేస్తోంది. లైటు వెనకనుంచి కొట్టబట్టే పొగ అంత తెల్లగా పడింది. తీసింది హెర్మన్ లెనార్డ్, ఈయన అంతకుముందు ఏడాదిపాటు కార్ష్ దగ్గరే అసిస్టెంటు. 2005లో కత్రినా తుఫానుకి న్యూ ఆర్లియన్స్‌లో ఈయన ఇల్లు మునిగి 8,000 దాకా ప్రింట్లు పోయాయి, నెగెటివ్‌లు మాత్రం మ్యూజియం వాల్ట్‌లో పెట్టారు కాబట్టి దక్కాయి. హుద్‌హుద్ చూసిన ఊళ్ళో కూర్చుని ఇది తల్చుకుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

నెగెటివ్ ఉంటే మళ్ళీ వేసుకోవచ్చు కదా అని న్యూజెర్సీలో ఉన్న మా బావ వాదన, మధ్యాహ్నం వీడియో కాల్‌లో మళ్ళీ అదే మొదలెట్టాడు. వేసుకోవచ్చు బావా, కానీ ఫోటో తీసిన రోజుల్లోనే వేసిన ప్రింట్‌ని వింటేజ్ అంటారు, నలభై ఏళ్ళ తర్వాత అదే నెగెటివ్ నుంచి, అదే చేత్తో వేసినా దాని రేటు వేరే, దీని రేటు వేరే అన్నా. "కాగితానికా అంత?" అన్నాడు. కాగితానికే. బొమ్మ కావాలంటే ఊరికే దొరుకుతుంది. విలియం గాట్లీబ్ తీసిన జాజ్ ఫోటోలు 1,600 పైచిలుకు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, 2010 నుంచి వాటిమీద కాపీరైట్ లేదు, పెద్ద ఫైలు దింపుకుని ఎవరైనా ప్రింట్ వేయించుకోవచ్చు. నా దగ్గరున్న జాజ్ గాయని బిల్లీ హాలిడే ఫోటో అలా వచ్చిందే, 1947లో తీసింది, తల పైకెత్తి పాడుతూ ఉంటుంది. హైదరాబాద్‌లో ల్యాబ్‌కి ఫైలు పంపి కాటన్ కాగితం మీద వేయించా, బాగానే వచ్చింది, దానికి సెకండ్‌హ్యాండ్ విలువ సున్నా, నాకు ఆ బాధ లేదు.

ఇంతకీ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అసలు సిల్వర్ ప్రింట్, అంటే వెండి పూత కాగితం మీద డార్క్‌రూమ్‌లో కడిగిన పాతకాలం ప్రింట్, మనవాళ్ళదే. ఒక నాదస్వరం ఆయన, విజయనగరంలో పాత సామాన్ల కొట్లో దొరికాడు. కచేరీ ఫోటో కాదు, స్టూడియోలో తీసింది, వాద్యం ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, చెవికి పోగులు, పెదవులు కాస్త ఉబ్బి. ఫ్రేమ్ విప్పితే ప్రాణం ఉసూరుమంది. ఫ్రేములు కట్టే అబ్బాయి ఫోటోని పాడుచెయ్యని యాసిడ్-ఫ్రీ బోర్డు అని నా దగ్గర డబ్బులు తీసుకుని, లోపల మామూలు అట్ట పెట్టి, ప్రింట్ వెనకాల సెల్లో టేప్ అంటించాడు. టేపు పట్టినంత మేరా పసుపుపచ్చ చార. పైమూల ఆవగింజంత బూజు చుక్కలు. తడిగుడ్డ తగిలిస్తే పైపొరంతా లేచిపోతుంది కాబట్టి గాలి తగిలేలా ఆరబెట్టి, మెత్తటి బ్రష్షుతో ఒకవైపుకే దులిపి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టా. టేపు జోలికి పోలేదు, అది తెలిసినవాళ్ళు చెయ్యాల్సిన పని.

మన విద్వాంసులకి ఇలా తీరిగ్గా తీసిన ఫోటోలు నాకు దొరకడం లేదు, దొరికేవన్నీ కచేరీ ఫోటోలే. వాటిల్లో నోటికి అడ్డంగా మైకు, వెనకాల స్పాన్సర్ బ్యానరు, పక్కన తంబూరా అమ్మాయి ఆవలింత. ఫోటోగ్రాఫర్ దయానితా సింగ్ అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ అనే డిజైన్ కాలేజీలో చదువుతూనే చలికాలాల్లో తబలా జాకిర్ హుస్సేన్ వెంట తిరిగి 1986లో ఆయన మీద ఫోటో పుస్తకమే వేసింది, అలా మనవాళ్ళ వెంట ఎవరో ఒకరు తిరిగి ఉంటే ఎంత బాగుండేది. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరుమీద 1993లో తపాలా బిళ్ళ వచ్చింది, నల్లకళ్ళద్దాలతో ఆయన బొమ్మ చూడని సంగీతం ఇల్లు మా వైపు ఉండదు, కానీ చేత్తో పట్టుకుని చూసేలాంటి మంచి పాత ప్రింట్ ఒక్కటి అమ్మకానికి రాగా నేను చూడలేదు.

సాయంత్రం విజయనగరంలో స్టూడియో నడిపిన ఒక పెద్దాయనకి ఫోన్ చేశా. వాళ్ళ నాన్నగారి కాలం నాటి గాజు నెగెటివ్‌లు అటకమీద ఉన్నాయట, మ్యూజిక్ కాలేజీ మాష్టార్లవి కూడా ఉండొచ్చట, "దసరా వెళ్ళాక రండి, మా మనవడు అటకెక్కుతాడు" అన్నారు. గాజు కదా, బస్సులో కుదరదు, కారు మాట్లాడాలి. మధ్యలో పెట్టడానికి థర్మాకోల్ షీట్లు పూర్ణా మార్కెట్‌లో దొరుకుతాయేమో రేపు చూడాలి.