టీకెటిల్ జంక్షన్‌లో కాలిన చెయ్యి

అమెరికాలోని డెత్ వ్యాలీ ఎడారిలో టీకెటిల్ జంక్షన్ బోర్డుకి వేలాడే కెటిళ్లని అందరూ ఫొటోలు తీసుకుంటారు. నేను బండి కిందికి దూరి వెనక షాక్ అబ్జార్బర్ మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది.

యుబెహెబీ క్రేటర్ దగ్గర తారు అయిపోయాక అక్కడికి 20 మైళ్లు. దారి పొడుగునా రేకుల కప్పు పరిచినట్టు గీతలే. టైర్లలో గాలి 35 నుంచి 22 పీఎస్‌ఐకి దించాను. అయినా సగం దూరం వెళ్లేసరికి బండి వెనకభాగం మలుపుల్లో పక్కకి జారడం మొదలుపెట్టింది. నాది 3 అంగుళాలు లేపిన రెండో తరం టయోటా టకోమా పికప్, చూపుకి ఏనుగే.

కానీ ఆ లిఫ్ట్ ఇచ్చింది ఎత్తు మాత్రమే. ముందు స్ట్రట్ల (స్ప్రింగూ షాకూ కలిసిన కట్టల) నెత్తిన ఒకటిన్నర అంగుళాల బిళ్ల, వెనక కమాన్ పట్టీలకీ యాక్సిల్‌కీ మధ్య దిమ్మ. షాకులు బండితో వచ్చినవే. స్ట్రట్ చక్రాన్ని పట్టుకునే కింది చెయ్యి, అంటే లోయర్ ఆర్మ్‌కి ఇంచుమించు నడిమధ్యన కూర్చుంటుంది కాబట్టి ఆ బిళ్లకి చక్రం దగ్గర రెట్టింపు ఎత్తొస్తుంది. చవకలో పనైపోయిందని మురిసిపోతాం. గతుకుల మీద పిస్టన్ ఆగకుండా కొట్టుకుంటుంటే షాకులో ఆయిల్ కాగి, గాలి కలిసి, నురగవుతుంది. నురగ దేన్నీ ఆపలేదు. ఇక బండి స్ప్రింగుల మీదే ఎగురుతుంది.

ముందు వైపు ఇంకో రోగం. బిళ్ల వల్ల స్ట్రట్ పొడుగై, చక్రం వేలాడినప్పుడు పోకూడనంత కిందికి పోతోంది. పైచెయ్యి, అంటే అప్పర్ ఆర్మ్ వెళ్లి స్ట్రట్ కాయిల్ స్ప్రింగుని కొడుతోంది. కాయిల్ మీద రంగు నెలవంకలా లేచిపోయి ఇనుము మెరుస్తోంది. చక్రానికి శక్తి చేర్చే ఇరుసు కీలు మీది రబ్బరు తొడుగు, సీవీ బూటు మడతల్లో అప్పుడే గ్రీజు చెమ్మ.

ఆ దారి చివరనున్న రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సులో కదిలే రాళ్లని చూసింది అరగంట. పల్చటి మంచుపలకలు గాలికి నెడితే అవి బురద మీద జారతాయి. నా బండికన్నా నున్నగానే వెళ్లినట్టున్నాయి.

విజయవాడ ఆటోనగర్‌లో అయితే కమాన్ పట్టీలు విప్పి, పొడవు వరసన పేర్చి, కొత్త సెంటర్ బోల్టు వేయించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. ఇక్కడ షాపువాళ్లు గంటకి చెప్పే లేబర్ రేటు విన్నాక వారాంతం గ్యారేజీలోనే గడిచింది. స్ప్రింగుని నొక్కిపట్టే కంప్రెసర్ పని ఒక్కటే బయట చేయించాను. అది జారితే ప్రాణాలమీదికొస్తుంది.

బిళ్లలు, దిమ్మలు తీసేసి ముందు బిల్‌స్టీన్ 5100 షాకులు, బరువుకి తగ్గ కొత్త కాయిళ్లు వేశాను. ఈ షాకులు మోనోట్యూబులు, అంటే ఒకే గొట్టం ఉన్నవి. నైట్రోజన్‌నీ ఆయిల్‌నీ ఒక తేలే పిస్టన్ విడదీస్తుంది కాబట్టి నురగ అంత తేలిగ్గా పుట్టదు. వెనక పూర్తి కమాన్ కట్ట, దానికి సరిపడా పొడుగు షాకులు, పొడుగు బ్రేకు గొట్టం. కమాన్‌ని యాక్సిల్‌కి కట్టే పాత యూ-బోల్టులు మళ్లీ వాడకూడదు, ఒకసారి బిగించాక సాగిపోతాయి. కొత్తవి కూడా 500 మైళ్ల తర్వాత మళ్లీ బిగించాలి. నావి పావుచుట్టు తిరిగాయి. కొత్త అప్పర్ ఆర్ములతో క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) 3 డిగ్రీలు దాటింది, హైవే మీద స్టీరింగ్ తేలడం పోయింది. డ్రైవర్ వైపు ఒరుగు ఈ బండ్లకి పుట్టుమచ్చ. అటు పావంగుళం బిళ్ల పెడితే సరి.

చాలామంది తప్పు చేసేది ఆర్ముల కీళ్లలోని రబ్బరు బుష్షుల దగ్గర. బండి జాకీ మీద ఉండగా ఆర్ముల బోల్టులు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టేసుకుంటుంది. నేలమీదికి దించాక మెలిపడి, కొన్నాళ్లకి చిరుగుతుంది. వదులుగా వేసి, చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి.

మార్చిలో మళ్లీ అదే దారి. ఈసారి వెనక షాకు రాడ్‌కి జిప్ టై కట్టి, సిలిండర్ అంచుకి ఆనించి బయల్దేరాను. జంక్షన్‌లో దిగి చూస్తే టై రాడ్ పైదాకా వెళ్లి, బొటనవేలి వెడల్పు మిగిల్చి ఆగింది. అంటే షాకు లోపల అడుక్కి కొట్టకముందే దెబ్బ కాసే రబ్బరు అడ్డు, బంప్ స్టాప్ పట్టుకుంది. షాకు వేడిగానే ఉంది. కుదుపుని వేడిగా మార్చడమే కదా దాని పని! కానీ బండి మాత్రం గీత తప్పలేదు.

తిరుగుదారిలో వెనక ఎడమ టైరు పక్కగోడని రాయి కోసేసింది. స్టెప్నీ ఎక్కించి, 22కి దించిన గాలి మళ్లీ నింపి, పార్కులోపలి బంకులో గ్యాలన్ రేటు చూసి సగం ట్యాంకుతో సరిపెట్టుకున్నాను.