పీజీ గది, ఆధార్ రెండువైపులా

శనివారం, బెంగళూరు

పిన్ని కూతురు సోమవారం ఇక్కడ ఉద్యోగంలో చేరాలి. పొద్దున్నే ఇద్దరం మారతహళ్లిలో పీజీల, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టళ్ల, వేటలో పడ్డాం. ఆ వీధుల్లో తెలుగు వస్తే చాలు, బతికేయవచ్చు. చివరికి ఒక గది నచ్చింది. కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ తప్ప ఏమీ కనిపించదు గానీ, ఆ అద్దెకు కిటికీ ఉండటమే గొప్ప.

వ్యవహారం అడ్వాన్సు దగ్గర ఆగింది. "ఆధార్ రెండువైపులా ఫొటో తీసి నా వాట్సాప్‌కి పెట్టమ్మా" అంది వార్డెన్ ఆంటీ. ఫోనులోకి ఎందుకండీ అని అడిగాను. ఆవిడ నొచ్చుకుంది. "అందరూ ఇచ్చారు, కావాలంటే చూడు" అంటూ తన ఫోను మా ముందు పెట్టి ఫొటోలు ఒక్కొక్కటే జరిపింది. ఎవరెవరి ఆడపిల్లల కార్డులో! పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఇంటి చిరునామా, పన్నెండు అంకెలు. మధ్యలో మనవడి పుట్టినరోజు ఫొటోలు, గ్యాసు రసీదు, మళ్లీ కార్డులు. ఒక అమ్మాయిది మా పక్క ఊరే. ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. కానీ ఆ ఫోను రేపు బస్సులో పోతే?

చెల్లి నా మోచెయ్యి గిల్లింది. "ఇచ్చేద్దాం అక్కా, ఆంటీ ఏమనుకుంటుందో." నాకు దొంగలకన్నా ఈ మొహమాటమంటేనే ఎక్కువ భయం. పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం, ఆధార్ నంబరును అలా మార్చుకోలేం. 2023లో ఈ ఊళ్లోనే ఆస్తి రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు సంపాదించి కొందరి ఖాతాల్లో డబ్బు లాగేశారు. వేలిముద్రతో డబ్బు తీసే ఆ పద్ధతిలో ఓటీపీ అడగరు.

ఈ ఊరివాడే, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి, ఎనభై దాటాక 2012లో ఆధార్‌ను సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ తీర్పు పట్టుకుని వార్డెన్ ఆంటీతో వాదించలేం కదా! ఆధార్ నకళ్లు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయమే ప్రకటన ఇచ్చింది. రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. జనం అపార్థం చేసుకుంటారట.

ఆవిడ అవసరమూ అబద్ధం కాదు. ఎవరుంటున్నారని పోలీసులు అడిగితే చూపించాలి. దానికి పేరు, ఫొటో, చిరునామా సరిపోతాయి. పక్కనున్న టిఫిన్ సెంటర్లో కూర్చుని, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించుకున్నాం. ఆ ఫైలు తెరవడానికి పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ కార్డు మీదే ఉంటాయి! తాళం వేసి, చెవి గుమ్మానికే తగిలించినట్టుంది. ప్రింటు తీయించి, దాని మీద అడ్డంగా "పీజీ వసతి కోసం మాత్రమే" అని తేదీతో సహా రాయించాను. "సగం నంబరు ఎగిరిపోయిందేమిటి?" అని ఆంటీ అటూ ఇటూ తిప్పి చూసి, ఫైలులో పెట్టుకుంది. అంత సులువుగా ఒప్పుకుంటుందని నేననుకోలేదు.

ఆ తర్వాత పీజీ వారి యాప్. అద్దె అందులోనే కట్టాలట. సెల్ఫీ అడిగింది, సరే. ఫోనులోని చుట్టాల నంబర్లన్నీ చదువుకోనిమ్మంది. వద్దన్నాం. అయినా అద్దె కట్టించుకుంది.

మధ్యాహ్నం టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చెల్లి పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూశాం. తెలియని నంబరొకటి కనిపించి గుండె ఝల్లుమంది. తీరా చూస్తే అది తాతయ్య నంబరు, బాబాయే అప్పట్లో దీని పేరు మీద తీశాడట. తన పేరు మీదున్న అప్పుల చిట్టా, అదే క్రెడిట్ రిపోర్టు, కూడా తెప్పించుకోమని చెప్పాను. ఆ రిపోర్టులిచ్చే ఒక్కో సంస్థ ఏడాదికొకటి ఉచితంగా ఇవ్వాలి. పాన్ నంబరుతో ఎవరైనా అప్పు తీసుకుని ఉంటే అందులో బయటపడుతుంది.

సాయంత్రం బాబాయి ఫోన్ చేశాడు. గది దొరికిందని చెబితే సంతోషించాడు. "అందుకే పొద్దున్నే దాని ఆధార్, పాన్ మన కుటుంబం గ్రూపులో పెట్టాను, మీకు అక్కరకొస్తాయని" అన్నాడు. ఆ గ్రూపులో మా చుట్టాలే కాదు, పెళ్లిళ్ల పేరయ్య కూడా ఉన్నాడు. "అందరూ మనవాళ్లే కదమ్మా" అన్నాడు బాబాయి. అందరి ఫోన్లలోంచీ తీసేసే మీట ఎక్కడుందో చెప్పి, ఆయన నొక్కేదాకా ఫోను పెట్టలేదు. ఈలోపు ఎవరెవరు దాచుకున్నారో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.