నాటి కిప్పుడే

"ముప్పున కాలకింకరులు ముంగిట వచ్చిన వేళ" అని మొదలయ్యే భక్త రామదాసు గోపన్న పద్యం మనందరికీ కంఠస్థమే. రోగాలు ముదిరి కఫం కుత్తుక నిండినప్పుడు, బంధువులంతా చుట్టుముట్టినప్పుడు "మీ స్మరణ గల్గునొ గల్గదొ" అని ఆ మహాభక్తుడే సందేహపడ్డాడు. అందుకే "నాటి కిప్పుడే తప్పక చేతు మీ భజన" అంటూ, గడువు రాకముందే బాకీ తీర్చేవాడిలా, ఆనాటి భజనను ఈనాడే స్వామికి అప్పగించాడు. "నాటి కిప్పుడే" అన్న ఆ మాట దగ్గర నా మనసు ప్రతిసారీ ఆగిపోతుంది.

జనవరి 30 వచ్చిందంటే నాకు ఈ పద్యమే గుర్తుకొస్తుంది. 1948లో ఆ సాయంత్రం 5 గంటల 17 నిమిషాలకు, ఢిల్లీ బిర్లా భవనంలో మను, ఆభాల భుజాల మీద చేతులు వేసి ప్రార్థనకు నడిచి వెళుతున్న గాంధీజీ, మూడు తూటాలు తగిలి ఒరిగిపోతూ "హే రామ్" అన్నారని పక్కనే ఉన్న మను రాసిపెట్టారు. అనలేదని వాదించినవారూ ఉన్నారు కానీ, ఆ వాదం నా మనసుకు పట్టదు. పసితనంలో దయ్యాల భయం పోవడానికి రంభ అనే దాది చెప్పిన నామం అది. 78 ఏళ్ల వయసులోనూ ఆయనను విడిచిపెట్టలేదు. రాజ్‌ఘాట్ రాతి మీద చెక్కిన రెండు మాటల వెనుక అన్నేళ్ల జపం ఉంది. గీతలో, చివరి క్షణాన దేన్ని తలచుకుంటే దాన్నే చేరతామని చెప్పే అంత్యస్మరణ శ్లోకాన్ని ఉదహరించే మనం, అందులోనే ఉన్న "సదా తద్భావభావితః" (ఎప్పుడూ ఆ భావంలోనే మునిగి ఉన్నవాడు) అన్న భాగాన్ని, ముఖ్యంగా ఆ "సదా"ను, ఎందుకు వదిలేస్తామో నాకు అర్థం కాదు.

మా బంధువు ఒకరు ఆసుపత్రిలో కొన ఊపిరితో ఉన్నప్పుడు, చెవి పక్కన ఫోన్‌లో విష్ణు సహస్రనామం పెట్టి, అందరూ వరండాలో చేరి పొలం పంపకాలు మాట్లాడుకోవడం కళ్లారా చూశాను. ఆ రోజు కలిగిన బాధ ఇప్పటికీ తీరలేదు. అయ్యా, అమ్మా, నామాన్ని ఆఖరి గడియకు దాచిపెట్టకండి. పొయ్యి వెలిగించేటప్పుడు, బస్సు కోసం నిలబడినప్పుడు, పిల్లలకు జడ వేసేటప్పుడు అనుకోండి.

మా అమ్మమ్మ చేటలో బియ్యం పోసుకుని, ఏరేసిన ఒక్కో రాయికీ "రామ" అనేవారు. చివరి రోజుల్లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, మమ్మల్ని గుర్తుపట్టడమూ మానేశారు. అప్పుడు కూడా కుడిచేతి వేళ్లు దుప్పటి మీద బియ్యం ఏరుతున్నట్టే కదులుతుండేవి, వాటితో పాటే పెదవులూ.