రామాలయం మైక్ సెట్‌లో గుయ్‌మనే సౌండు: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చిందంటే

ముందు స్టేటస్ చెప్పేస్తా. గుయ్‌మనే హమ్ పూర్తిగా పోయింది, గర్‌ర్‌మనే బజ్ దాదాపు పోయింది, సుయ్‌మనే హిస్ మాత్రం ఇంకొంచెం ఉంది కానీ భజన మొదలైతే ఎవరికీ వినపడదు.

సెట్ పెద్దదేం కాదు. 12 చానళ్ల అనలాగ్ మిక్సరు, 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు (ఆంప్లిఫైయర్ లోపలే ఉండేవి) రెండు, పాటకి, హార్మోనియానికి, తబలాకి డైనమిక్ మైకులు, ఒక ఎలక్ట్రానిక్ శృతి పెట్టె, ట్రాకులకి లాప్‌టాప్. మిక్సరు హాల్లో వెనకాల, స్పీకర్లు ముందు మండపం దగ్గర, మధ్యలో మూడు పిన్నులుండే 20 మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు. స్పీకర్ల కరెంటు మండపం ప్లగ్గులోంచి, మిక్సరు కరెంటు హాలు ప్లగ్గులోంచి, అసలు కథంతా ఇక్కడే ఉంది.

హమ్ ఎలా ఉండేదంటే, తబలా వాయించే బాబాయ్ ఒకరోజు విసుగొచ్చి "నీ స్పీకరు ఐదు శృతికి కాస్త పైన పాడుతోందిరా, నేనేమో ఒకటిన్నరకి కట్టుకున్నా" అన్నాడు. ఆయన చెవి కరెక్టే, మన కరెంటు 50 హెర్ట్జ్, దాని డబుల్ 100, ఐదు శృతి ఆ స్థాయిలో 98, అంటే రెండు హెర్ట్జ్ తేడాని పట్టేశాడు!

ఇలాంటప్పుడు చాలామంది ముందు ఈక్వలైజర్ మీద పడి బాస్ కోసేస్తారు. దానివల్ల హమ్ తగ్గినట్టు అనిపిస్తుంది కానీ తబలా బాయ (ఎడమ చేతి బాస్ డ్రమ్ము) కూడా దాంతోపాటే పోద్ది. ముందు అది ఎక్కడ దూరుతోందో చూడాలి. మాస్టర్ ఫేడర్ (మొత్తం సౌండుని పెంచి తగ్గించే స్లైడరు) కిందకి లాగేశా, హమ్ అలాగే ఉంది, అంటే మైకులూ గెయినూ (మైకు సిగ్నల్‌ని మిక్సరు ఎంత పెంచాలో చెప్పే నాబు) కారణం కాదు, మిక్సరు అవుట్‌పుట్ తర్వాతే వస్తోంది. స్పీకరు దగ్గర ఎక్స్‌ఎల్‌ఆర్ పీకేస్తే నిశ్శబ్దం, సో స్పీకరు మంచిదే. మళ్లీ అక్కడ పెట్టి మిక్సరు వైపు పీకినా నిశ్శబ్దమే. రెండు చివర్లా తగిలిస్తేనే వస్తోందంటే ఇక గ్రౌండ్ (ఎర్త్) వ్యవహారమే అని తేలిపోయింది.

మల్టీమీటర్ తీసుకుని ప్లగ్గులు చూశా. హాలు ప్లగ్గులో ఫేజ్-న్యూట్రల్ 231, ఫేజ్-ఎర్త్ 229, న్యూట్రల్-ఎర్త్ వోల్టున్నర, బాగానే ఉంది. మండపం ప్లగ్గులో ఫేజ్-ఎర్త్ పెడితే అంకె నిలబడట్లేదు, 90 అంటది 70 అంటది, అదంతా దొంగ వోల్టేజీ. మెయిన్ ఆపి ప్లేటు విప్పితే ఎర్త్ స్క్రూకి అసలు వైరే లేదు, ఏనాడూ పెట్టినట్టు లేదు, స్క్రూ తలమీద సున్నం కూడా ఉంది. పంతులుగారు ఎప్పట్నుంచో "ఆ బాక్సు జాలీ ముట్టుకుంటే జిల్లుమంటోందండీ" అంటుంటే అందరూ తడి చేతులు కదా అని కొట్టిపారేశారు.

జరిగేదేంటంటే, స్పీకరు లోపలి పవర్ సప్లై ఫిల్టర్లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ అటు పోతుంది, లేకపోతే బాడీ గాల్లో తేలుతూ కరెంటు వోల్టేజీలో సగం దాకా ఎక్కి కూర్చుంటుంది, ఆ లీకేజీకి ఇంకో దారి లేక మన ఎక్స్‌ఎల్‌ఆర్ షీల్డు (వైర్ల చుట్టూ ఉండే లోహపు అల్లిక) గుండా మిక్సరు ఎర్త్‌కి పోతుంది. బ్యాలెన్స్‌డ్ కేబులే (దారిలో దూరే నాయిస్‌ని కొట్టేసే రకం) కదా ఎందుకు వినపడాలి అంటే, కొన్ని పెట్టెల్లో షీల్డు వచ్చే పిన్ 1ని బాడీకి కాకుండా లోపలి సర్క్యూట్ బోర్డుకి కలిపేస్తారు, షీల్డులో పారే కరెంటు నేరుగా సిగ్నల్లో కలుస్తుంది. నీల్ మన్సీ అనే ఆయన 1995లోనే దీనిమీద పేపర్ రాశాడు, పిన్ 1 ప్రాబ్లమ్ అనే అంటారు, ఇప్పటికీ ఆ పెట్టెలు అలాగే వస్తున్నాయి.

మన ఎలక్ట్రీషియన్ని పిలిస్తే ఆయన సలహా "హాల్లో మిక్సరుకి ఎర్త్ పిన్ను కూడా తీసేయండి సార్, సౌండ్ పోద్ది". పోద్ది నిజమే, తర్వాత ఎప్పుడైనా ఫేజ్ బాడీకి తగిలితే మైకు పట్టుకున్న మనిషి కూడా పోతాడు. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినొద్దు, ఎర్త్ పిన్ను ముట్టుకోవద్దు. గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో కేబుల్ షీల్డుని తెంపడం) చెయ్యాలనుకుంటే ఆడియో వైపు డీఐ బాక్సు (మామూలు కేబుల్ సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే పెట్టె) మీద స్విచ్ ఉంటుంది, అక్కడ చెయ్యండి.

ఆయన చేతే మెయిన్ బోర్డు నుంచి మండపానికి 2.5 స్క్వేర్ ఎంఎం ఆకుపచ్చ వైరు లాగించాం. జిల్లు ఆగిపోయింది, హమ్ బాగా తగ్గింది, అయినా చెవి పెడితే ఉంది. తర్వాత స్పీకర్లకీ మిక్సరుకీ కరెంటు ఒకే హాలు ప్లగ్గు నుంచి, మూడు కోర్ల వైరుతో జంక్షన్ బాక్సు పెట్టి ఇచ్చా, అంతే, చచ్చింది. లోడ్ ఆగుతుందా అని భయపడేవాళ్లకి, క్లాంప్ మీటర్ పెట్టి భజన మధ్యలో చూశా, రెండు స్పీకర్లూ కలిపి ఒక ఆంపియర్ కూడా లాగట్లేదు, పెట్టె మీద రాసిన వాట్లు చూసి కంగారుపడక్కర్లేదు.

ఇక గర్‌ర్ సౌండు. ఇది వేరే జాతి, కందిరీగ లాగా ఉంటుంది. ఫోన్లో స్పెక్ట్రమ్ యాప్ పెడితే 100, 200, 300, 400 అలా పైదాకా గీతలే గీతలు. శృతి పెట్టె చానల్ మ్యూట్ చేస్తే పోతోంది, కానీ సాయంత్రాలే వస్తోంది, పొద్దున టెస్ట్ చేస్తే ఉండదు. సీరియల్ లైట్లు అనుకుని అవి ఆపించా, కాదు. చివరికి ఎవరో ఉక్కపోతకి ఫ్యాను పెంచితే సౌండు మారింది! పాత రకం, గుండ్రంగా తిప్పే డిమ్మర్ రెగ్యులేటర్లు, అవి ఏసీ వేవ్‌ని మధ్యలో టక్కున కోస్తాయి, సగం స్పీడులో పెడితే ఘోరం, ఫుల్లులో పెడితే దాదాపు ఉండదు. శృతి పెట్టె హెడ్‌ఫోన్ అవుట్ నుంచి 6 మీటర్ల మామూలు మోనో కేబులు ఆ స్విచ్ బోర్డు పక్కనుంచే పోతోంది, యాంటెన్నా పెట్టినట్టే కదా. పెట్టె పక్కనే పాసివ్ డీఐ పెట్టి అక్కడ్నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌లో తెచ్చా, కేబుల్‌ని గోడకి దూరంగా తిప్పా. స్టేజీకి దగ్గర రెగ్యులేటర్లు తీసేసి టకటక నంబర్ల మీద తిరిగే కెపాసిటర్ రకం వేయించాం, అవి వేవ్‌ని కొయ్యవు. వెనక వరస ఫ్యాన్లవి ఇంకా పాతవే, డబ్బులు కూడితే మారుస్తారు.

లాప్‌టాప్ సంగతి చిన్నదే. చార్జర్ పీకితే కీచు సౌండు పోతుంది, పెడితే వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ (సిగ్నల్‌ని పంపి ఎర్త్ లింకు తెంపేది) ఒకటి మధ్యలో పెట్టా, బాస్ పిసరంత తగ్గినా భజన ట్రాకులకి ఏం తేడా తెలియట్లేదు.

హిస్ ఎందుకంటే స్పీకర్ల వెనక నాబులు ఫుల్లులో ఉండి మిక్సర్లో ఫేడర్లు అడుగున ఉండేవి. ఇప్పుడు నాబులు 12 గంటల దగ్గర, గొంతు గట్టిగా ఎత్తినప్పుడు మీటర్లో పసుపు తగిలేలా గెయిన్, ఫేడర్ మీద 0 అని రాసిన గీత చుట్టుపక్కల. చాలా తగ్గింది. కుయ్‌మనే ఫీడ్‌బ్యాక్‌కి దీనికీ సంబంధం లేదు, అది మైకు ఎక్కడ పెట్టావు, మొత్తం సౌండు ఎంత పెంచావన్న దాన్ని బట్టి.

తర్వాతి పని శ్రీరామనవమి పందిరి. అక్కడ జనరేటర్ వస్తుంది, దాని ఎర్త్ రాడ్ నిజంగా మట్టిలోకి దిగిందా, న్యూట్రల్ ఎర్త్‌కి కలిపారా అని స్పీకర్లు తగిలించకముందే మీటర్ పెట్టి చూడాలి, డెకరేషన్ లైట్ల వైర్లని మన కేబుళ్ల పక్కన పారనివ్వకుండా, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాలి. 30 మీటర్ల మూడు కోర్ల వైరు ఇంకా కొనాలి.