పోటీకి ముందు కడుపు కడిగేసుకోవాలా?

పోటీల సీజన్ దగ్గర పడితే చాలు, మా హన్మకొండ జిమ్ముల్లో ఒకటే ముచ్చట. "అన్నా, కడుపు క్లీన్ చేసుకోవాలె, ఏం తాగాలె?" ఒకరు ఆముదం అంటారు, ఇంకొకరు సునాముఖి ఆకు కషాయం అంటారు, కాస్త డబ్బులున్నవాళ్లు ఆన్‌లైన్‌లో డీటాక్స్ టీ తెప్పించుకుంటారు. ఆ టీ ప్యాకెట్లలో చాలావాటిలో ఉండేది కూడా సునాముఖే, ధర మాత్రం చుక్కల్లో.

సూటిగా చెప్తా. విరేచనాలు పెట్టుకుంటే ఏ విషమూ బయటికి రాదు, ఎందుకంటే పేగుల్లో అలా పేరుకుపోయే విషం అంటూ ఏదీ లేదు. పేగు లోపలి పొర 3 నుంచి 5 రోజులకోసారి దానంతట అదే కొత్తదవుతుంది, ఒంట్లో చెత్త సంగతి లివరూ కిడ్నీలూ రోజూ చూసుకుంటూనే ఉంటాయి. మర్నాడు కాటా మీద తగ్గినట్టు కనిపించేది నీళ్లు, ఉప్పు, పొటాషియం, ఇంత మలం, అంతే. సునాముఖి లాంటివి పనిచేసేది ఎక్కువగా పెద్దపేగు మీద, తిన్నదాంట్లో క్యాలరీలు చాలావరకు అంతకుముందే చిన్నపేగులో ఒంటికి పట్టేస్తాయి, కాబట్టి కొవ్వు కరగడమన్న మాటే లేదు.

పవర్‌లిఫ్టింగ్ చేసే ఒక తమ్ముడు రాత్రి ఆముదం తాగి పొద్దున స్క్వాట్‌కి వచ్చాడు. కిందికి బాగానే దిగాడు, లేచేటప్పుడు పిక్క బిగుసుకుపోయి బార్‌ని సేఫ్టీ రాడ్ల మీద వదిలేశాడు. పెదాలు ఎండిపోయి, చేతులు వణుకుతూ బెంచ్ మీద కూలబడితే ఇద్దరం కాలివేళ్లు వెనక్కి వంచి పట్టుకున్నాం. ఓఆర్ఎస్ గ్లాసు ఖాళీ అయ్యాక గానీ మాట రాలేదు.

"మరి మా నాయనమ్మ ఏడాదికోసారి ఆముదం తాగించేది కదా" అంటారు. నిజమే, అప్పట్లో పిల్లలందరి కడుపుల్లో నులిపురుగులు, చేతిలో ఉన్న మందు అదే. ఇప్పుడు ఆల్బెండజోల్ మాత్ర ఉంది, 2015 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో 19 ఏళ్ల లోపు వాళ్లకు వేస్తున్నారు. అంతకన్నా పెద్దవాళ్లు డాక్టర్‌ని అడిగి వేసుకోవచ్చు. అప్పుడప్పుడు చేయాల్సిన క్లీనింగ్ అంటూ ఏదైనా ఉంటే నా లెక్కలో అదే. గొట్టం పెట్టి పేగులు కడిగే ప్యాకేజీల జోలికి మాత్రం అస్సలు పోవద్దు, పేగుకు చిల్లు పడిన కేసులున్నాయి.

ఉబ్బరం, గ్యాస్ అబద్ధమని కాదు. కాకపోతే వెతకాల్సింది షేకర్‌లో. మామూలు వే కాన్సెంట్రేట్ ప్రోటీన్ పొడిలో లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) ఉంటుంది, అది పడనివాళ్లకు గంటలోనే కడుపు బిర్రుగా అయిపోతుంది. ఇంకా శుద్ధి చేసిన ఐసోలేట్ పొడిలో చాలా తక్కువ. షుగర్-ఫ్రీ ప్రోటీన్ బార్లలో వేసే మాల్టిటాల్, సార్బిటాల్ అనే తీపి పదార్థాలు కూడా ఇదే పని చేస్తాయి. పరగడుపున మింగే ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలైతే పేగు పొరనే దెబ్బతీస్తాయి. మా జేఎన్‌ఎస్ (నెహ్రూ స్టేడియం) ట్రాక్ మీద గట్టిగా ఇంటర్వెల్స్ కొట్టే పిల్లలకు కడుపులో తిప్పడానికి ఇంకో కారణం ఉంది: అంత జోరుగా పరుగెత్తితే రక్తమంతా కాళ్లకు మళ్లుతుంది, పేగులకు అందేది బాగా తగ్గిపోతుంది. అందుకే దూరం పరుగెత్తేవాళ్లు గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ తీసుకోవడం ప్రాక్టీస్‌లోనే వారాల ముందు నుంచి అలవాటు చేసుకోవాలి. పోటీ రోజు మొదటిసారి కార్బ్స్ జెల్ నోట్లో పెట్టుకుంటే ఇక టాయిలెట్ ఎక్కడుందో చూసుకోవడమే.

మామూలు రోజుల్లో జొన్న రొట్టె, పెసరపప్పు, గట్క, సల్ల. మన ఇళ్లలో ఉన్నవే. వట్టి చికెన్, గుడ్లు తిని మలబద్ధకం అంటే ఎట్లా మరి?

చాలామందికి తెలియంది ఒకటుంది. బరువు విభాగంలో ఆడేవాళ్లు పోటీకి ఒకటి రెండు రోజుల ముందు ఇవే జొన్నలు, పప్పు, ఆకుకూర తగ్గించి తెల్లన్నం, పెరుగు, గుడ్డు, అరటిపండు మీద ఉంటే చాలు. పీచు తగ్గేసరికి పేగుల్లో బరువూ తగ్గుతుంది, కాటాలో తేడా కనిపిస్తుంది, ఒంట్లో నీళ్లూ ఉప్పూ పోవు. నీళ్లు లాగేసే ఫ్యూరోసెమైడ్ లాంటి మాత్రలు ఎవరైనా ఇస్తే మొహం మీదే వద్దనండి, అవి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధించిన మందుల జాబితాలో ఉన్నాయి, డోప్ టెస్టులో దొరికితే కెరీరే పోతుంది.

మలంలో రక్తం, నిద్రలోంచి లేపేంత నొప్పి, వారాలు గడిచినా ఆగని విరేచనాలు ఉంటే మాత్రం జిమ్‌లో ఎవర్నీ అడగొద్దు, నన్ను కూడా. నేరుగా గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికే.