సూర్య మన బెంచీ మీదివాడే

సినిమా దర్శకుడు శ్యాం బెనెగల్ గారు 2024 డిసెంబర్ 23న ముంబైలో కన్నుమూశారు. అంతకు తొమ్మిది రోజుల ముందే ఆయనకు 90 ఏళ్లు నిండాయి. పద్మశ్రీ, పద్మభూషణ్, దాదాసాహెబ్ ఫాల్కే, రాజ్యసభ సభ్యత్వం... ఈ వివరాలన్నీ మర్నాడు పేపర్లలో వచ్చాయి. ఆయన చదివిన నిజాం కాలేజీలోనే చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నవాణ్ని కాబట్టి నాకు చెప్పాలనిపించేది వేరు. మన చుట్టుపక్కల పల్లెలూ, మనలాంటి కాలేజీ కుర్రాళ్లూ ఆయన సినిమాల్లోకి ఎలా వచ్చారన్నది.

ఆయన 1934లో సికింద్రాబాద్ పక్కన తిరుమలగిరిలో పుట్టారు. కొంకణి మాట్లాడే కుటుంబం. తండ్రి ఫొటోగ్రాఫర్. నాన్న ఇచ్చిన కెమెరాతో పన్నెండో ఏటనే ఒక చిన్న సినిమా తీశారట. హిందీ సినిమా దర్శకుడు గురుదత్ వాళ్లకు బంధువు. మహబూబ్ కాలేజీ హైస్కూల్లో చదివి, ఆ తర్వాత నిజాం కాలేజీకి వచ్చారు. ఎకనామిక్స్ ఎం.ఏ. చేశారు. హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ మొదలుపెట్టిందీ ఆ రోజుల్లోనే.

'అంకుర్' కథను కూడా ఆయన కాలేజీ రోజుల్లోనే రాసుకున్నారు. అది సినిమాగా రావడానికి ఏళ్లు పట్టింది. 1959లో బొంబాయి వెళ్లి యాడ్ కంపెనీలో కాపీరైటర్‌గా చేరారు. వందల కొద్దీ యాడ్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు తీశారు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు. ఇన్ని పనుల మధ్య కూడా ఆ కథను వదిలిపెట్టలేదు. చివరికి 1974లో 'అంకుర్' థియేటర్లకు వచ్చేసరికి ఆయనకు నలభై దగ్గరపడ్డాయి.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు ఆ సినిమా చూశాను. అందులో సూర్య పట్నంలో చదువుకున్న కుర్రాడు. ఇంకా చదవాలని ఉన్నా తండ్రి ఒప్పుకోక, ఊళ్లో భూములు చూసుకోమని పంపేస్తాడు. ఊరికి వెళ్లిన కొత్తల్లో కులం పట్టింపు లేదంటాడు. పనిమనిషి లక్ష్మి చేత టీ పెట్టించుకుంటాడు, అన్నం వండించుకుంటాడు. మంచివాడే అనుకుంటాం. తర్వాత లక్ష్మి మొగుడు కిష్టయ్య కల్లు దొంగతనం చేశాడని గుండు గీయించి గాడిద మీద ఊరేగిస్తాడు. ఆ అవమానంతో కిష్టయ్య ఊరొదిలి పోతాడు. తన వల్ల లక్ష్మి కడుపుతో ఉందని తెలిశాక సూర్య భయపడి ముఖం చాటేస్తాడు.

ఆ రోజుల్లో హాస్టల్లో నా పక్క గదిలో ఒక దొరగారి అబ్బాయి ఉండేవాడు. మంచి స్నేహితుడు. ఇంటి నుంచి వచ్చిన మామిడికాయ పచ్చడి జాడీ అందరి ముందూ పెట్టేవాడు, సోషలిజం గురించి గంటలు గంటలు మాట్లాడేవాడు. ఒకసారి వాళ్ల జీతగాడు ఊరి నుంచి బియ్యం మూట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. మా నాన్న కంటే పెద్దవాడు. గుమ్మం దగ్గరే ఆగి, చెప్పులు చేతిలో పట్టుకుని, "చిన్నదొరా" అని పిలిచాడు. మావాడు పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా, "అక్కడ పెట్టిపోరా" అన్నాడు. మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు. సినిమాలో సూర్యను చూశాక గానీ ఆ మాట నా చెవికి తగల్లేదు. మెలితిప్పిన మీసాలు, కొరడా ఉన్న జమీందారుని విలన్‌గా చూపించడం తేలిక. మన బెంచీ మీద కూర్చున్న కుర్రాణ్ని చూపించడానికి ధైర్యం కావాలి.

క్లైమాక్సు ఇప్పటికీ కళ్లముందే ఉంది. కిష్టయ్య మూగ, చెవుడు. నాలుగు డబ్బులు సంపాదించుకుని తిరిగొస్తాడు. భార్య కడుపుతో ఉందని సంబరపడి, పని అడుగుదామని కర్ర పట్టుకుని సూర్య దగ్గరికి పరుగెత్తుతాడు. కొట్టడానికే వస్తున్నాడనుకుని సూర్య అతణ్ని చావబాదుతాడు. లక్ష్మి అడ్డుపడి తిట్టే తిట్లు ఏ డైలాగ్ రైటరూ కూర్చుని రాసినట్టు ఉండవు. లక్ష్మిగా వేసిన షబానా ఆజ్మీకి అదే మొదటి సినిమా అంటే నమ్మలేం. జనం వెళ్లిపోయాక ఒక పిల్లాడు రాయి తీసుకుని సూర్య ఇంటి కిటికీ మీదకు విసురుతాడు.

ఇంకో సంగతి. హైదరాబాదీ యాస అంటే హిందీ సినిమాలో నవ్వించడానికే అన్నట్టు ఉండేది. 'అంకుర్'లో మనుషులు అదే దక్కనీలో ఏడుస్తారు, బతిమాలుతారు, శపిస్తారు. మన వీధి భాషకు తెర మీద ఆ గౌరవం ఇచ్చినందుకు ఒక్కదానికైనా మనం ఆయనకు రుణపడి ఉంటాం.

ఆ తర్వాత కూడా ఆయన మన వైపు వస్తూనే ఉన్నారు. 'నిశాంత్'లో దొరల దౌర్జన్యం. వాణిశ్రీ, స్మితా పాటిల్‌తో తెలుగులో 'అనుగ్రహం'. పోచంపల్లి చేనేత కార్మికుల మీద 'సుస్మన్'. చాలా ఏళ్ల తర్వాత, కాగితాల మీదే తవ్విన బావి కథతో 'వెల్ డన్ అబ్బా'. అందులోకి మన హైదరాబాద్ ఉర్దూ రచయిత్రి జీలానీ బానో కథను కూడా తీసుకున్నారు. 'మంథన్' గుజరాత్ కథే అయినా దాని గురించి చెప్పకుండా ఉండలేను. ఐదు లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకుని, 10 లక్షలతో తీయించుకున్న సినిమా అది. తమ సినిమా చూడటానికి రైతులు లారీలెక్కి వచ్చారు. 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా ఉత్సవంలో దాన్ని మళ్లీ వేశారు. 'జుబేదా' లాంటి తర్వాతి సినిమాల్లో నాకు ఆ తొలి పదును అంతగా కనిపించదు. కానీ టీవీలో 53 భాగాల 'భారత్ ఏక్ ఖోజ్' తీసిన ఓపిక ముందు ఆ లోటు చిన్నదే.

మన కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలకు ఒక విన్నపం. ఏటా డిసెంబర్ 14న, ఆయన పుట్టినరోజున, ఫస్టియర్ పిల్లలకు 'అంకుర్' వేసి చూపిద్దాం. సినిమా అయ్యాక ఓ గంట వాళ్లనే మాట్లాడనిద్దాం. హాలు, ప్రొజెక్టర్ ఖర్చు మా బ్యాచ్ వాళ్లం భరిస్తాం. ఈ డిసెంబర్ నుంచే మొదలుపెడదాం.